బ్రేకు పెడలు మీద చెక్క

కొత్తపేట, జులై 2003

ఒరే సత్తిబాబూ, ఎలా ఉన్నావురా? నీకు రాయడం ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇది ఉత్తరం కూడా కాదులే, నా డైరీలో రాసుకుంటున్నాను.

పొద్దున్న మస్కట్ నుంచి మా స్పేర్‌పార్టుల కొట్టుకి ఫోన్ చేసేవు. మీ అబ్బాయి పెద్దకర్మ కూడా అయిపోయింది, నీకింకా సెలవివ్వలేదు. నువ్వడిగింది ఒక్కటే. "పదమూడేళ్ళోడికి ట్రాక్టర్ బ్రేకు ఎలా అందిందిరా?" లైను బాగోలేనట్టు హలో హలో అని పెట్టేసేను.

అందేలా చేసింది నేనేరా. వరి చేలో దమ్ముకి డ్రైవర్ దొరక్క మీ ఆవిడ, చెల్లెమ్మ, తిరుగుతోంది. మీ వాడేమో, "తోలడం వచ్చు మావయ్యా, కాళ్ళే అందట్లేదు" అన్నాడు. చెక్క కోసి, సైకిల్ ట్యూబుతో పెడలుకి కట్టేను. "లైసెన్సు లేదు కదన్నయ్యా" అంది చెల్లెమ్మ. "రోడ్డెక్కితే బ్రేకిన్‌స్పెక్టరు అడుగుతాడు గానీ చేలో ఎవడడుగుతాడమ్మా" అని నవ్వేను.

కాలవ గట్టు మీద వాడు బ్రేకు తొక్కితే ఆ చెక్క పక్కకి తిరిగిపోయిందంట. బండి తిరగబడి వాడి మీద పడింది. బండి లేపినోళ్ళు నిన్న ఆ చెక్క తెచ్చి, "మీదేనాండీ?" అన్నారు. ఆయ్, నాదేనండి అన్నాను. ఇంకా బురద కడగలేదు.

లైసెన్సుకి పద్దెనిమిదేళ్ళ రూలు రోడ్డు కోసం అనుకున్నాను గానీ పిల్లాడి కాలు కోసం అనుకోలేదురా.

చెల్లెమ్మకి అంతా తెలుసు. నీకు చెప్పలేదు, నన్నూ ఒక్క మాట అనలేదు. ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు, ఎదురుగా కూర్చుని చెప్తాను. ఎప్పుడొస్తావురా?