పెన్సిల్ ఆగిన చోటు

అన్నా,

నువ్వు పోయి ఏడాది నిండింది. చింతామణి బజారులో నీ స్టూడియో ఈ రోజు ఖాళీ చేశాను. రంగుల ఫోటోలు వచ్చాక పాత ఫోటోలకు కాపీలు అడిగేవాళ్ళే లేరు. నెగటివ్‌ల నుంచి వెండి తీసే ఆయన బెంగళూరు నుంచి వచ్చాడు. "ఇవన్నీ యాడ పెట్టుకుంటావమ్మా, ఇచ్చెయ్యి" అన్నాడు.

ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో చూసి ఇచ్చాను. ప్రతి పెళ్ళికూతురి చెంప మీదా నీ పెన్సిల్ గీతలున్నాయి. మొటిమా మచ్చా ఫోటోలో కనపడకుండా నెగటివ్ మీదే పూడ్చేవాడివి కదా. నా సంబంధాలకు పంపిన ఫోటోలో మాత్రం అమ్మవారు పోసిన మచ్చలన్నీ అట్లాగే ఉంచేశావు. ఎందుకని అడిగితే, "బొమ్మ చూసి వచ్చినోడు నిన్ను చూసి మొగం తిప్పుకుంటే నేను తట్టుకోలేనమ్మా" అన్నావు. ఎవరూ రాలేదు. ఆ కోపం నాలో చాలా ఏళ్ళుంది.

ఈ రోజు నా పేరు రాసిన కవరులో ఆ ఫోటోవే రెండు నెగటివ్‌లు దొరికాయి. ఒకదాని మీద పెన్సిల్ పడనే లేదు. రెండోదాంట్లో కుడి చెంప మచ్చలన్నీ పూడ్చేశావు. ఎడమ చెంప దగ్గర ఆగిపోయావు.

"అవీ ఇస్తావామ్మా?" అన్నాడాయన. ఇవ్వనన్నాను. మిగిలినవన్నీ గోనెసంచుల్లో వెళ్ళిపోయాయి.

నీ చీకటిగదిలో ఎర్ర బల్బు వేసుకుని కాసేపు కూర్చున్నాను. ఆ రెండో ఫోటోలో నేనెలా ఉంటానో చూడాలనుంది. ప్రింటు వేయడం నువ్వు నాకు నేర్పలేదన్నా.