మేడమీది గదికి తాళం వేయరాదు

అందరూ ‘నడక మాస్టారు’ అని పిలిచే నేను, డెబ్బై నాలుగేళ్ల వయసులో, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ బతిమాలుడూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి నిలకడగా ఉందని మా వీధి డాక్టరు విడిగా కాగితం రాసిచ్చాడు. చెయ్యి వణకడం వల్ల కొన్ని అక్షరాలు వంకర పోయాయి. వాటిని చూపించి నన్ను వెర్రివాడినని వాదించదలచినవాళ్లు ముందు నా ముప్పై ఏళ్ల నాటి హాజరుపట్టీలు చూడాలి. అప్పుడూ ఇంతే.

1. ఎనిమిదేళ్ల కిందట రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో నా నాటకాల బడిని తమ్ముడికి రాశాను. ఎందుకు రద్దు చేశానో అయిదో అంశంలో ఉంది. వకీలుగారు మాత్రం వరసగానే చదవాలి.

2. నేను ఉంటున్న ఇల్లు, అందులోని సామానంతా నా కూతురికి. ఆమె పళ్ల డాక్టరు. ఆరో ఏట నా నాటకం చూస్తూ నిద్రపోయింది. ఆ తర్వాత రమ్మని నేను అనలేదు, వస్తానని ఆమె అనలేదు. మా ఇద్దరికీ తగువు లేకపోవడానికి అదే కారణం. పైఅరలో గుడ్డలో చుట్టిన అద్దం ఆమె తల్లిది. నేను ముఖానికి రంగు వేసుకుంటున్నంతసేపూ దాన్ని పట్టుకుని నిలబడేది. చెయ్యి లాగినా దించేది కాదు. దాన్ని ఎవరికీ ఇవ్వవద్దు.

3. మా నాటకాలకు చెక్కముఖాలు చేసిచ్చే వడ్రంగికి నా పడక కుర్చీ. ఇరవై ఏళ్లుగా దాని కాలు బాగుచేస్తానంటున్నాడు. ఇక తన కుర్చీ కాబట్టి బాగుచేసుకుంటాడు.

4. నాటకాల బడి, అది ఉన్న పాత నూలు గిడ్డంగి, స్థలం నా స్వార్జితం. పిత్రార్జితం అంగుళం కూడా లేదు. కింది హాల్లో తమ్ముడూ నేనూ పాత నాటకాలు నేర్పుతాం: చెక్కముఖాలు కట్టుకుని ఆడేవి, తోలుబొమ్మల నీడలతో ఆడేవి, ఆసియాలోని నాలుగైదు దేశాల గురువులు వచ్చి మాకు చూపించి వెళ్లినవి. మేడమీది గదిలో ఈ కాలపు నాటకాలు నేర్పుతాం. ఎవరు ఏది నేర్చుకోవడానికి వచ్చినా మొదటి ఏడాది నా దగ్గర ఉత్త నడకే. ఈ బడిని సర్వహక్కులతో మేడమీది టీచరమ్మకు రాస్తున్నాను. ఆమె నాకు బంధువు కాదు. ‘బయటిదానికి కట్టబెట్టాడు’ అంటారు. అనండి.

5. కారణం. కిందటేడు నేను పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మూడోరోజే తమ్ముడు మేడమీది గదికి తాళం వేయించాడు. “అన్నయ్యా, పైన వాళ్లు గంతులేస్తుంటే కింద నా పాట నాకే వినబడట్లేదు. ఇది బడా, సర్కసా?” అని ఆసుపత్రికి వచ్చి మరీ చెప్పాడు. టీచరమ్మ గొడవపడలేదు. మెట్లమీద పాఠం చెప్పింది. మెట్టుకొక్కరు చొప్పున నిలబడి పిల్లలు నాటకం ఆడారు. నేను ఆసుపత్రి నుంచి తిన్నగా బడికి వచ్చి ఆ తాళం సుత్తితో పగలగొట్టాను. కుట్లు తెగాయని డాక్టరు తిట్టాడు. ఒక్క కుట్టే తెగింది.

తమ్ముడు దురాశాపరుడు కాడు. నాన్న ఆడినదే అసలు నాటకమని వాడి నమ్మకం. ఆ నమ్మకం దేనిమీద నిలబడి ఉందో చెప్పవలసిన నేను ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా బడికి పేరు తెచ్చింది ఈడ్పు అడుగు. రాజవేషం ప్రవేశించేటప్పుడు ఎడమకాలిని నేలమీద అరచుట్టు ఈడ్చి వేసే అడుగు. రాజ్యభారం మోసేవాడి నడక అని పండితులు పుస్తకాల్లో రాశారు. నిజం ఇది. నాటకసమాజం నడిపిన మా నాన్న, నాకు తొమ్మిదేళ్లప్పుడు, సామాన్ల బండిమీంచి పడ్డాడు. ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు. అంతకుముందు ఆయన కాలు ఎత్తి వేసేవాడు. నేను కళ్లారా చూశాను. లేచి తిరగగలిగాక మొదటిసారి వేషం కట్టినరోజు జనం నవ్వారు. మర్నాటి నుంచి సమాజంలో అందరూ, మంత్రి వేషం మొదలుకుని దీపం పట్టుకుని వచ్చేవాడి వరకు, ఎడమకాలు ఈడ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆయన ఒక్కడే కుంటివాడుగా కనబడకూడదని అలా చేశారు. తమ్ముడు ఆ తర్వాత రెండేళ్లకు పుట్టాడు. నాన్న తిన్నగా నడవడం వాడు ఎన్నడూ చూడలేదు. చూసిన నేను మాత్రం నలభై ఏళ్లు ఈడ్పే నేర్పాను. నాన్న పోయాక కూడా మానలేదు. తప్పు నాది.

ఒకే ఒక్క పిల్ల అడిగింది: “మాస్టారూ, రాజుగారికి బరువంతా ఎడమవైపేనా?” తరగతి అంతా నవ్వింది. బయటికి నడవమన్నాను. “ఎత్తి నడవమంటారా, ఈడ్చి నడవమంటారా?” అంది. మూడు రోజులు గుమ్మం బయటే నిలబడింది. నాలుగోరోజు నేనే లోపలికి పిలిచాను గాని జవాబు చెప్పలేదు. ఆ పిల్లే ఇప్పటి మేడమీది టీచరమ్మ. జవాబు ఇదిగో, పాతికేళ్లు ఆలస్యంగా.

6. షరతులు. ఈడ్పు అడుగు, ఎత్తు అడుగు రెండూ నేర్పాలి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకు చెప్పాలి. ఎత్తు అడుగు టీచరమ్మకు కూడా నేనింకా చూపించలేదు. బతికి ఉంటే ఈ నెలలో చూపిస్తాను. మేడమీది గదికి తాళం వేయరాదు, కింది హాలుకూ వేయరాదు. కింది వేదిక కోయించి కుర్చీలు వేద్దామని టీచరమ్మ ఒకసారి అంది. నేను మరచిపోలేదు. రెండింటిలో ఏది మూతపడినా భవనం నా కూతురికి పోతుంది. అక్కడ పళ్ల ఆసుపత్రి పెడతానని ఆమె నా ముఖం మీదే చెప్పింది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

7. నా శవాన్ని వేదికమీద పెట్టవద్దు. ఆ పూట పాఠం ఆగిపోతుంది. నా ఫొటో గోడకు తగిలించవద్దు. తగిలిస్తే పిల్లలు దానిలాగే నిలబడడం మొదలుపెడతారు.

8. కోర్టుకు వెళ్లదలచినవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. వాయిదాలకు నేను రాలేను. నా తరఫున ఈ కాగితం వస్తుంది. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలుగారిది.

9. వీలునామా వల్ల ఏమైనా దక్కేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని వకీలుగారు చెప్పారు. నా అనుకున్నవాళ్లలో ఏమీ దక్కనివాడు ఒక్కడే ఉన్నాడు. వాడికే కబురు పెట్టాను. నాన్న రంగులపెట్టె ఈ ఉదయమే వాడి చేతికిచ్చాను కాబట్టి అది ఈ కాగితంలో లేదు. కింది హాల్లో వాడు చెప్పే పాఠమూ ఇందులో లేదు. అది నేను ఇచ్చిందీ కాదు, ఇంకొకరు తీసేయగలిగిందీ కాదు. ఇదంతా వాడికి చదివి వినిపిస్తాను. సంతకం చేస్తే చేస్తాడు. లేకపోతే పక్కకొట్టు దర్జీ ఉన్నాడు.

2019 మార్చి 14, గురువారం, పగలు పదకొండు గంటలకు, బడి కింది హాల్లో.

(సంతకం) నడక మాస్టారు

సాక్షులు:

1. మా ఎదుటే సంతకం చేశారు. స్పృహలో ఉన్నారు, కోపంగా కూడా ఉన్నారు. — వీధి డాక్టరు

2. అన్నయ్య సంతకం చేయడం నా కళ్లతో చూశాను. నేను సంతకానికే సాక్షిని, రాసినదానికి కాదు. బడి విషయం నేను ఒప్పుకోవడం లేదు, కోర్టు సంగతి తర్వాత ఆలోచిస్తాను. నాన్న ఎత్తి వేసిన అడుగు ఎలా ఉండేదో ముందు నాకు చూపించాలి. టీచరమ్మ కంటే ముందు. రేపు పొద్దున్నే వస్తాను. — తమ్ముడు