మామయ్య పాట, మరిది సిస్టం

శనివారం

మా మరిది ప్రవీణ్ బెంగళూరు నుంచి సెలవుకు వచ్చి ఇంటి కంప్యూటర్‌ను ఉద్ధరించాడు. ఎవరినీ అడగకుండా విండోస్ పీకేసి లినక్స్ వేశాడు. "ఇంక వైరస్ బాధ లేదు వదినా, అంతా ఫ్రీ" అంటూ, నేను మౌస్ ఎన్నడూ పట్టనట్టు గంటసేపు పాఠం చెప్పాడు. మా ఊరి కంటోన్మెంట్ చర్చికి పదేళ్లుగా పాటల కాగితాలు తీస్తున్నది నేను.

రేపటి పాట తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. పోయిన మామయ్య తాను కట్టిన పాటలన్నీ పాత తెలుగు ఫాంటులో టైపు చేసుకున్నారు. మా మరిది మహానుభావుడు ఫైళ్లు జాగ్రత్తగా దాచాడట, ఫాంటును మాత్రం విండోస్‌తోపాటు తుడిచేశాడు.

"ఆ డబ్బా ఫాంటు ఇప్పుడెవురు వాడతారు వదినా? సుమ్నే, ఊరికే వేరే పాట పెట్టుకోండి."

అత్తయ్య హాల్లో చిక్కుడుకాయలు తుంచుతున్నారు. "నేను పాడతా, నువ్వు రాసుకోమ్మా" అని నాలుగు చరణాలూ పాడారు. మిగతా పాటలు ఎన్ని గుర్తున్నాయో అడగడానికి నాకు భయమేసింది.

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న ప్రవీణ్ తలెత్తాడు. "పాట బాగుండాదే! ఎవురు రాసిందిమ్మా ఇది?"

అత్తయ్య చేయి ఆగలేదు, తల ఎత్తలేదు.

"ఎవురో పాతకాలం మనిషి లేప్పా. నువ్వు ఫోన్ చూసుకో."