పొట్టి యాంటెనా

జూలై 8
పిక్అప్ తలుపులో పడి నా రేడియో స్కానర్ యాంటెనా విరిగింది. తలుపు వేసింది నేనే. ఈ కొండ సందులో ఫోన్ పలకదు. మంట లేచిందని నాకూ నా ముసలి గుర్రానికీ చెప్పేది, ఫైర్ వాళ్ళ రేడియో మాటలు పట్టే ఆ డబ్బా ఒక్కటే. మంటకి పిలిచే పేజర్ ఉండేది. వయసైపోయిందని, నేను ఇన్నేళ్ళు మంటలార్పిన ఫైర్ కంపెనీ వాళ్ళే లాక్కున్నారు. లాక్కున్నది చీఫ్ హాలిస్. వాడికి గొట్టం పట్టడం నేర్పింది నేను.

జూలై 10
బోయిసీ నగరానికి వెళ్ళాను. రేడియో కొట్టువాడు బొటనవేలంత పొట్టి యాంటెనా అంటగట్టాడు. నీ స్కానర్‌కి అచ్చంగా సరిపోతుంది తాతా, అన్నీ పడతాయి అన్నాడు. మర బిగించి చూపించాడు. బిగిసింది. నేను నీకు తాతనెప్పుడయ్యానురా అని అడిగి తీసుకున్నాను.

జూలై 11
టౌన్ పోలీసులు చెవిలో కూర్చున్నట్టు వినబడుతున్నారు. ఎవడో తాగి కారు గుంటలో దింపాడట. నాకెందుకు? మా ఫైర్ కంపెనీ మాత్రం గరగర.

జూలై 13
గరగర.

జూలై 15
దాణా కొట్టు దగ్గర హాలిస్ తగిలాడు. నా నడుముకున్న స్కానర్ చూసి జనం ముందు నవ్వాడు. ఏం ఓర్వల్, పోలీసుల కబుర్లు వింటున్నావా? వాళ్ళు ఎనిమిది వందల ఫ్రీక్వెన్సీకి పోయారు, ఆ పొట్టిది దానికోసం చేసింది, మనం ఇంకా నూట యాభై నాలుగులోనే ఉన్నాం, దానికి మూరెడు కడ్డీ కావాలి, మర పట్టగానే సరిపోయినట్టేనా అన్నాడు. నీ సలహా నీ జేబులో పెట్టుకోరా అన్నాను. సరే, మంట వాకిట్లోకొచ్చాక ముక్కుతో విను అన్నాడు.

జూలై 17
గాలి. గడ్డి ఎండి అగ్గిపుల్లలా ఉంది. వాడి మాట వినను.

జూలై 19
మళ్ళీ బోయిసీ. పొట్టిదాన్ని కొట్టువాడి బల్ల మీద విసిరాను. వాడు వేరే మర ఉన్నది తెచ్చాడు. మర కాదురా, ఫ్రీక్వెన్సీ చూడు, మూరెడుది తే అన్నాను. హాలిస్ మాటలు నా నోట్లోంచి వచ్చాయి. నోరంతా చేదు. ఇంటికొచ్చి తగిలిస్తే మొదట వినబడ్డ గొంతు కూడా వాడిదే. ఖర్మ.

జూలై 24
పొద్దున దాణా కొట్టు దగ్గర మూటలు పిక్అప్‌లోకి ఎత్తుతుంటే సీటు మీద స్కానర్ అరిచింది. మా కొండ సందు మొదట్లో గడ్డి అంటుకుందట, గాలి పైకి కొడుతోందట. హాలిస్ గొంతే. ఆ మొండి ముసలాడి గుర్రం దొడ్లో ఉంది, ముందు అటు పోండి, వాడు అడ్డమొస్తే పక్కకు ఈడ్చి పారేయండి అంటున్నాడు.
మూటలు అక్కడే వదిలేశాను. వెనక దారిన పోయాను. వాళ్ళ బండి కంటే ముందు నేనే చేరాను. దొడ్డి గేటు తీస్తే గుర్రం వాగు వైపు దూకింది. ఈ వయసులో అలా పరుగెత్తగలదని నాకే తెలియదు. గడ్డివాము పోయింది. ఇల్లు అంటుకోకుండా వాళ్ళు ఆపారు.

జూలై 25
నిన్న హాలిస్ మసి మొహంతో వచ్చి, వినబడిందా అన్నాడు. అంతా వినబడింది, మొండి ముసలాడు అన్నది కూడా అన్నాను. మళ్ళీ అంటాను అన్నాడు. వాడికి మంచినీళ్ళు ఇవ్వలేదు. వాళ్ళ బండి ట్యాంకు మాత్రం నా బావి నీళ్ళతో నింపుకోనిచ్చాను.