ఇంజను ముందున్న బండి

హార్లన్,

సూప్ స్టవ్ మీద ఉంది, వేడి చేసుకుని తిను. కుక్కకి మాత్ర వేశాను, మళ్ళీ వెయ్యకు.

మోటర్‌హోమ్ షోరూమ్ నుంచి గస్ ఫోన్ చేశాడు. పెట్రోలుదో డీజిల్‌దో ఐదింటిలోగా చెప్పాలట. పెట్రోలుదే అని చెప్పు.

“డీజిల్ బండికి ఇంజను వెనకుంటుందమ్మా, ముందు కూర్చుని హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు” అన్నాడుగా. శనివారం దాంట్లో గోషెన్ దాకా వెళ్ళొచ్చాం. దారంతా అలమర తలుపు టకటకలు తప్ప నాకేం వినపడలేదు. ఇల్లు అమ్మేశాం, ఇక బతికినన్నాళ్ళూ ఆ బండిలోనే కాపురం. పెట్రోలుదైతే ఇంజను మన కాళ్ళ దగ్గరే రొద పెడుతుంది. అప్పుడు నువ్వేదో అన్నావనీ, ఆ రొదలో నాకే వినపడలేదనీ అనుకుంటాను.

వెర్లీన్

డీజిలే కావాలంటే కొనుక్కో. నాకు ఫోన్ చెయ్యకు, ఎలాగూ చెయ్యవు. ఎప్పటిలాగే రాసి పెట్టు. కింద జాగా వదిలాను.