మీ వడ్డీ, నా తలుపు

మామిడికుదురు,
20-4-2002.

పూజ్యులైన అన్నయ్యగారు సూర్యప్రకాశరావుగారి పాదాలకు నమస్కరించి తమ్ముడు జగ్గారావు రాసుకునే సంగతులు. ఇక్కడ నేనూ మాణిక్యమూ కులాసా. కాకినాడలో మీరూ వదినగారూ కులాసాయేనా అని వేరే అడగనక్కర్లేదు. ఇరవయ్యో తారీఖు వచ్చేసింది కాబట్టి పోస్టాఫీసు వడ్డీ ఎప్పుడో మీ చేతికి అంది ఉంటుంది.

మీ కార్డు అందింది. పల్లపు పొలం నాలుగెకరాలూ రొయ్యల చెరువుల వాళ్ళకి అమ్మెయ్యాలనుకుంటున్నాననీ, బేరం చూడమనీ రాశారు. దాళ్వా పంట పోయిందని సత్తియ్య చెప్పేది కౌలు ఎగ్గొట్టడానికి వేసిన వేషమని కూడా రాశారు. వేషం కాదు. మురుగు కాలువ తూముకి ఉన్న రెండు ఇనప తలుపుల్లో ఒకటి మార్చిలో పోయింది. పాత ఇనుముకి దొంగలెవరో ఎత్తుకుపోయారని ఊళ్ళో అనుకుంటున్నారు. చేను ఈనే వేళకి సముద్రం పోటు మీద ఉప్పునీరు ఆ కంతలోంచి ఎక్కి తిన్నగా మీ పొలంలో పడింది. కంకులు నిలబడే ఉన్నాయి, నలిపితే అన్నీ తాలు. సత్తియ్య నన్ను చేలోకి తీసుకెళ్ళి, బోదెలో నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుని, ఆయ్, ఉప్పేనండి బాబూ, మీరూ ఓ చుక్క ఏసుకుని చూడండి అన్నాడు. నేను వేసుకోలేదు.

ఈ ఉత్తరం అతను అడిగితేనే రాస్తున్నాను. పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. పెద్దబాబుగారికి మీరు ఒక్క ముక్క రాస్తే నమ్ముతారండి, ఇరవయ్యేళ్ళ నుంచీ దున్నుతున్న చేనండి, అది చెరువైపోతే నేనూ నా కొడుకూ ఎక్కడికి పోతామండి అన్నాడు. ఆ ముక్క రాసేశాను. ఇంక నా ముక్క రాస్తాను, కోప్పడకండి.

చిన్నప్పటి నుంచీ మీరంటే నాకు కుళ్ళు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నాన్నగారు మిమ్మల్ని ముందు నిలబెట్టి గోదావరి చూపించేవారు, నన్ను బస్తాల మధ్య కూర్చోబెట్టేవారు. పంపకాల్లో మీకు పల్లం వచ్చింది, నాకు మెరక వచ్చింది. అవన్నీ మింగేశాను. ఆ శాలువా ఒక్కటీ మింగుడుపడలేదు.

తొంభై తొమ్మిది వేసవి గుర్తుంది కదా. ఉత్తరాన కొండల్లో యుద్ధం జరుగుతోంది. మీరు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు పట్టుకెళ్ళి నెలనెలా వడ్డీ వచ్చేలా పోస్టాఫీసులో వేశారు. ఆగస్టు పదిహేనుకి మన హైస్కూల్లో మైకు ముందు నిలబడి, యుద్ధానికి పన్ను వేస్తే జనం గోలపెడతారు, అదే సర్కారు అప్పు తెచ్చిందనుకోండి, ఎవరికీ నొప్పి తెలియదు, పోస్టాఫీసులో వేసి నా వంతు అప్పు నేనిచ్చాను అన్నారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. వంకాయ రంగు, జరీ అంచు. భుజం మీంచి జారిపోతుంటే సర్దింది నేనే.

ఆ వేసవిలో నేనూ సర్కారుకి అప్పిచ్చాను అన్నయ్యగారూ. నీళ్ళు వదలకుండా కాలువలు కట్టేసిన ఆ రెండు నెలల్లో ఈ మురుగు కాలువ తూము కాంట్రాక్టుకి తీసుకుని కట్టించి, రెండు కొత్త తలుపులు పెట్టించాను. మీరు నోట్ల కట్టలిచ్చారు, నేను సిమెంటూ ఇనుమూ ఇచ్చాను. మీకు పాస్‌బుక్కు ఇచ్చారు. నా బిల్లుకి ఇదిగో అదిగో అన్నారు. మూడేళ్ళుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. ఇంజనీరుగారు మంచివారే, కుర్చీ వేయించి మరీ చెప్పారు. యుద్ధం అయిపోతే అప్పు అయిపోదండి జగ్గారావుగారూ, ఏటేటా ముందు వడ్డీ కట్టాలి, అది కట్టడానికి మళ్ళీ అప్పు చెయ్యాలి, ఇవన్నీ పోగా మిగిలిందే కాలువలకీ రోడ్లకీ, పైనుంచి రావలసింది రాలేదు అన్నారు. అది నిజమో, చేతికందిన సాకో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికి సర్కారు బాకీ. అన్నకి ఒకటో తారీఖు తప్పదు, తమ్ముడికి ఏ తారీఖూ లేదు. పైగా వడ్డీ తీసుకునేవాడికి శాలువా!

యుద్ధం వద్దనడానికి నేనెవణ్ణి? అక్కడ కుర్రాళ్ళు ప్రాణాలిస్తుంటే గుండ్లకి డబ్బు తేవద్దంటానా? కానీ ఎవరికీ నొప్పి తెలియదన్నారే, అది మా మాణిక్యం మెడకి తెలిసింది. మేస్త్రీలకీ కూలీలకీ ఇవ్వడానికి తన కాసులపేరు అమ్మేశాను. అప్పట్నుంచి ఎవరింట్లో పెళ్ళయినా రాదు. ఎందుకు రావంటే కాళ్ళనొప్పులంటుంది. వదినగారు మొన్నామధ్య రెండు పేటల గొలుసు చేయించుకున్నారని తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి నాకే నిద్ర పట్టలేదు, మాణిక్యం మాత్రం చాలా సంతోషమంది. ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండింది.

మార్చి మొదట్లో మీ ఉత్తరం వచ్చింది. కొత్తగా వేసే డబ్బుకి వడ్డీ తగ్గించారనీ, మీలాంటి పెద్దవాళ్ళకి సర్కారు అన్యాయం చేస్తోందనీ నాలుగు పేజీలు రాశారు. ఆఖర్న నా బిల్లు గురించి ఒక్క లైను. ఓపిక పట్టరా, దేశం కష్టంలో ఉంది అని. నాలుగు పేజీలూ మీ వడ్డీకి, నా తూముకి ఒక్క లైను! ఆ పూట నేను అన్నం ముట్టుకోలేదు.

సరే, అదంతా వదిలెయ్యండి. నేను చెప్పొచ్చేదేమిటంటే, పొలం అమ్మకండి. ఈసారికి సత్తియ్యని కౌలు అడక్కండి. వానాకాలం సార్వాకి కొత్తనీరు పెట్టి రెండుసార్లు కడిగితే ఉప్పు పోతుందని అతని నమ్మకం. తూముకి తలుపు సోమవారం నేను పెట్టిస్తాను. వదినగారికి నా నమస్కారాలు, మాణిక్యం నమస్కారాలు.

ఇట్లు,
మీరు మందలించినా మీ తమ్ముడే అయిన
జగ్గారావు.

తా.క. దొంగలు కాదండి. ఆ తలుపు నా కొబ్బరి డొక్కల పాకలో, ఒలిచిన పీచు కింద ఉంది. మీ నాలుగు పేజీల ఉత్తరం వచ్చిన మర్నాడు, పట్టపగలే, ఇద్దరు మనుషుల్ని పెట్టి చైను కప్పీతో ఊడదీయించాను. కట్టించిన కాంట్రాక్టర్నే కాబట్టి చూసినవాళ్ళు రిపేరుకనుకున్నారు. కాలువ గట్టున ఉంచితే దొంగలెత్తుకుపోయారని తర్వాత నేనే అన్నాను. డబ్బివ్వని సరుకు నాదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ తూములోంచి నీరెక్కితే మొదట పడేది మీ పొలంలోనని తెలిసే తీయించాను. ఒక్కసారైనా మీకు నొప్పి తెలియాలనుకున్నాను. మీకు ఒకటో తారీఖున వడ్డీ వచ్చేసింది. పంట సత్తియ్యది పోయింది.

ఈ సంగతి అతనికింకా చెప్పలేదు. సోమవారం తలుపు పెట్టిస్తానని మాత్రం చెప్పాను. మళ్ళీ నా చేతి డబ్బు పెడుతున్నాననుకుని దణ్ణం పెట్టాడు. బిగించడానికి తనూ కొడుకూ కూలి లేకుండా వస్తారట. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడానికి ఇంకా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. చదువు రాదు. ఇప్పుడే కిటికీ దగ్గరికొచ్చి, రైతులందరం తలో పదీ ఏసుకుని మీకు శాలువా కప్పుదామనుకుంటన్నామండి, రాజోల్లో కొనెయ్యమంటారా, అమలాపురం ఎల్లమంటారా అని అడుగుతున్నాడు.