పాత ట్యాంకుకి కొత్త కవచం

1991 జనవరి 8

సిర్గిట్టి ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాప్‌కి కొత్త ఆర్డర్. సైన్యం దగ్గరున్న పాత ట్యాంకులకు కొత్త ఫిరంగి, కొత్త ఇంజన్ పెట్టి మళ్ళీ సరిహద్దుకి పంపుతారట. ముందువైపు అదనంగా ఉక్కు పలకలు బిగిస్తారు. వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు మావి. వెల్డింగ్ చెక్ చేసి సంతకం పెట్టాల్సింది నేను.

నాన్న రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టర్. స్టీమ్ ఇంజన్లను కోసి తుక్కుకి అమ్మేయడం చూస్తున్నారు. "మా ఇంజన్లకి లేని అదృష్టం వాటికేటే రాజీ?" అన్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు. తమ్ముడు దిలీప్ నడిపేది అలాంటి ట్యాంకే.

జనవరి 21

పని బాగానే సాగుతోంది.

ఫిబ్రవరి 4

మొదటి లాట్. పగుళ్ళు తెలియడానికి వెల్డింగ్ మీద ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల పౌడర్ కొట్టాను. కొన్నింటి మీద వెంట్రుకంత ఎర్ర గీత తేలింది. పగులే. సంతకం పెట్టలేదు.

లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఓనర్ గోవిందరావు గారు "అంత సన్న గీతకి ఏటవుద్దమ్మా?" అన్నారు. ఆర్డర్ పోతే వెల్డర్లంతా ఇంటికెళ్ళాలన్నారు. అదీ నిజమే. ఈ పలక వెనకాల మా తమ్ముడు కూర్చుంటాడు సార్, అన్నాను. ఇంకో మాట తోచలేదు. లారీని ఖాళీగా పంపేశారు. పగిలినవన్నీ మళ్ళీ చేశాం.

మార్చి 15

దిలీప్ లీవ్‌లో వచ్చాడు. తనను కొత్త ట్యాంకుల రెజిమెంట్‌కి మార్చారట. అమ్మ సర్కండా బజారు నుంచి జిలేబీ తెప్పించింది. నేనూ తిన్నాను. హాయిగా అనిపించింది.

నీ పాత ట్యాంకు ఎవరికిచ్చారని తర్వాత అడిగాను. ఎవరో కొత్తగా వచ్చినవాడికట. పేరు కూడా కనుక్కోలేదట. చలికి ఇంజన్ మూత మీదే పడుకుంటాడట, వెచ్చగా ఉంటుందని.

మార్చి 27

రెండో లాట్‌లోనూ గీతలు. దిలీప్ మారిన సంగతి గోవిందరావు గారికి తెలిసిపోయింది. "మీ తమ్ముడిప్పుడు అందులో లేడు గదమ్మా," అన్నారు. బెదిరింపు కాదు. అలసిపోయి ఉన్నారు.

వేరే అబ్బాయి కూర్చుంటున్నాడు, అన్నాను.

ఆయన లేచి బయటికెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి, ఏం చేస్తే పగలవో చెప్పమన్నారు. వెల్డింగ్ రాడ్లు తేమ లేకుండా ఆరబెట్టాలి, ఉక్కును ముందే వేడి చేయాలి, పని నెమ్మదిస్తుంది అన్నాను. అచ్ఛా, అన్నారు.

ఏప్రిల్ 19

ఈసారి ఒక్కదానికీ పగులు లేదు. లారీ వెళ్ళింది. ఆ అబ్బాయి పేరేటని గోవిందరావు గారు అడిగారు.

తెలియదన్నాను.